లెక్కల పాఠానికి సందర్శన వేళలు

మన పిల్లలకు లెక్కలు ఎందుకు రావడం లేదో తెలుసుకోవాలంటే ముందు లెక్కలు ఎప్పుడు వచ్చేవో తెలుసుకోవాలని విద్యాశాఖ మంత్రిగారు ప్రకటించిన రోజు నేను అక్కడే ఉన్నాను. మైకు పట్టుకున్నది నేనే. ఆ మాట విని హాల్లో ఒక క్షణం ఎవరికీ ఏమీ బోధపడలేదు. బోధపడనప్పుడు చప్పట్లు కొట్టడం మావాళ్లకు అలవాటు కనుక హాలు మారుమోగిపోయింది.

సంగతేమిటంటే, ఆ ఏడు పదో తరగతి ఫలితాలు వచ్చాయి. లెక్కల్లోనూ సైన్సులోనూ పాసైన పిల్లలను ఒక్క బస్సులో ఎక్కించవచ్చని ఒక పత్రిక రాసింది. ఇది అతిశయోక్తి అని, రెండు బస్సులు కావాలని మంత్రిగారి కార్యాలయం ఖండించింది. ఆ ఖండన చదవడానికి పెట్టిన సమావేశమే అది.

ఒక కుర్ర విలేకరి లేచాడు.

"సార్, చాలా బళ్లలో లెక్కలకి ఒక్క టీచరే ఉన్నారు. కొత్తవాళ్లని వేస్తారా?"

మరొక మంత్రి అయితే వేస్తామని ఒక మాట పారేసి కూర్చునేవాడు. మా మంత్రిగారు అలాంటి పైపై మనిషి కాదు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"చూడు నాయనా. టీచరు వెనక పుస్తకం ఉంది. పుస్తకం వెనక సిలబస్ ఉంది. సిలబస్ వెనక కమిటీ ఉంది. కమిటీ వెనక చరిత్ర ఉంది. అంత వెనక్కి వెళ్లకుండా ముందే నిలబడి లెక్కలు చెబితే ఏం లాభం?"

"అయితే ఏం చేస్తారు సార్?"

"కోర్సు పెడతాం."

ఆ విధంగా 'గణిత, విజ్ఞానశాస్త్ర పాఠ్యప్రణాళికల చరిత్ర, వికాసం' అనే పోస్ట్ గ్రాడ్యుయేట్ కోర్సు పుట్టింది. విశ్వవిద్యాలయంలో ఒక పాత హాలుకు సున్నం కొట్టి ఇచ్చారు. పేరు పొడుగు కావడంతో బ్యానరు ఒక గోడకు సరిపోలేదు. చరిత్ర ఒక గోడ మీద, వికాసం ఎదుటి గోడ మీద పడ్డాయి. మైకు వణక్కుండా పట్టుకున్నానని మెచ్చి నన్ను ఆ కోర్సుకు ప్రొజెక్టర్ ఆపరేటరుగా వేశారు. అప్పటినుంచి ఆ కోర్సు మీద నాకున్న గౌరవానికి ఉద్యోగం ఒక్కటే కారణమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

చేరేవాళ్ల ఎంపిక చాలా నిక్కచ్చిగా జరిగింది. ప్రతి బడి నుంచీ ఉత్తమ లెక్కల టీచరు ఒకరు, ఉత్తమ సైన్సు టీచరు ఒకరు రావాలన్నారు. చాలా బళ్లలో ఉన్నదే ఒక్కొక్కరు కనుక ఎవరు ఉత్తములో తేల్చడానికి పెద్దగా తర్జనభర్జన పడాల్సిన పని లేకపోయింది. ఎక్కడా పక్షపాతం జరిగిందన్న ఫిర్యాదు రాలేదు.

అలా ఎంపికైన వాళ్లలో మా వదిన ఒకరు. అన్నయ్యకు మందుల షాపు, వదిన బళ్లో లెక్కల టీచరు. ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. ఆర్డరు వచ్చిన సాయంత్రం నేను స్వీటు ప్యాకెట్టుతో ఇంటికి వెళ్లేసరికి వదిన వంటింటి గడపలో కూర్చుని చిర్రుబుర్రులాడుతోంది.

"నేను పోనంటే పోను," అంది. "ఎనిమిదో తరగతికి సమీకరణాలు సగంలో ఉన్నాయి. నానా తంటాలు పడి ఇవాళే ఎక్స్‌ని ఒక పక్కకి తెచ్చాను. దాన్నలా గాలికొదిలేసి ఎలా పోతాను?"

"ఎక్స్ ఎక్కడికీ పోదులే," అన్నాడు అన్నయ్య. "ఇన్నేళ్ల నుంచీ ఉంది కదా."

"ఎక్స్ పోదు. పిల్లలు పోతారు."

మర్నాడు వాళ్ల హెడ్మాస్టారు వదినకు నెమ్మదిగా నచ్చజెప్పారు. "అమ్మా, నువ్వు వెళ్లకపోతే ఉత్తమ టీచరువి కాదని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నట్టు. ఉత్తమం కాని టీచరు బడికెందుకని పైవాళ్లు అడుగుతారు. అప్పుడు పోస్టే ఎత్తేస్తారు. వెళితే పోస్టుంటుంది, నువ్వుండవు. వెళ్లకపోతే నువ్వుంటావు, పోస్టుండదు. ఏది మేలో నువ్వే ఆలోచించు."

వదిన ఆలోచించింది. చివరిరోజు ఎనిమిదో తరగతికి వెళ్లి, మీ సమీకరణాలు నేనే తిరిగొచ్చి పూర్తిచేస్తాను, ఇంకెవరూ చేయరు అని మాటిచ్చి వచ్చింది. ఆ మాట దగ్గరే వచ్చింది చిక్కంతా. ఆమె క్లాసును డ్రిల్లు మాస్టారికి అప్పగించారు. లెక్కల్లో ఆయనకు ఒకటి, రెండు, ఒకటి, రెండు దాకా మంచి పట్టుంది.

కోర్సు డైరెక్టర్‌గారి గురించి రెండు మాటలు చెప్పాలి. పాఠ్యప్రణాళికల రంగంలో తలపండిన మనిషి. జీవితంలో ఒక్కసారి కూడా పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పకపోవడం వల్ల ఆయన అభిప్రాయాలు ఎక్కడా చెక్కుచెదరలేదు. ఇప్పటిదాకా వేసిన అన్ని సిలబస్ కమిటీల్లోనూ ఆయన ఉన్నారు. ఆయన వేలు ఆడించగానే నేను స్లయిడు మార్చాలి. మా మధ్య అంతకు మించిన మాటలుండేవి కావు, అయినా ఒకరినొకరం బాగా అర్థం చేసుకున్నాం.

మొదటి పాఠం ఎక్కాల చరిత్ర.

"ఒకప్పుడు పిల్లలు ఇరవయ్యో ఎక్కం దాకా చదివేవారు," అన్నారు డైరెక్టర్‌గారు. వేలు ఆడింది. నేను స్లయిడు మార్చాను. "తరవాతి కమిటీ పదహారు చాలంది. ఆ పైది పన్నెండంది. మొన్నటి కమిటీ పది. ఈ గీత ఎటు పోతోందో ఎవరైనా చెప్పండి."

"కిందికి సార్," అన్నాడు ముందు వరసలోని సైన్సు మాస్టారు.

"కిందికి అనకూడదు. సరళత వైపు అనాలి."

"ఇలాగే పోతే సున్నా దగ్గర ఆగుతుందా సార్?"

"చరిత్ర ఎక్కడా ఆగదు," అన్నారు డైరెక్టర్‌గారు గంభీరంగా. అందరూ రాసుకున్నారు.

రెండో పాఠం కమిటీల పనితీరు. దీన్ని ఆయన అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు. కమిటీ అన్నాక ఏదో ఒకటి మార్చి తీరాలి. ఏదీ మార్చకపోతే పాత కమిటీ సరిగ్గానే చేసిందని ఒప్పుకున్నట్టవుతుంది. అలాంటప్పుడు కొత్త కమిటీ ఎందుకు? కనుక ఉన్నదాన్ని తీసేయడమో, తీసేసినదాన్ని పెట్టడమో, రెండూ కుదరకపోతే ఒక తరగతిలోంచి పక్క తరగతిలోకి జరపడమో చేయాలి.

సైన్సు మాస్టారు మళ్లీ లేచాడు. "పాత కమిటీలోనూ మీరే ఉన్నారు కదా సార్?"

"ఉన్నాను. అందుకే ఒప్పుకోవడం మరీ కష్టం."

మూడో పాఠానికి మంత్రిగారు స్వయంగా విచ్చేశారు. వెంట కెమెరాలు వచ్చాయి. ఆ రోజు విషయం భిన్నాల ప్రయాణం. భిన్నాలు మొదట నాలుగో తరగతిలో ఉండేవి. ఒక కమిటీ వాటిని ఐదులోకి జరిపింది. ఆ పైది మళ్లీ నాలుగులోకి దింపింది. తరవాతిది ఐదు, ఆ తరవాతిది నాలుగు. నేను స్లయిడ్లు మారుస్తుంటే గోడ మీద భిన్నాలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. మంత్రిగారు చాలా ఆనందించారు.

వదిన చెయ్యెత్తింది.

"సార్, భిన్నాలు ఐదులో ఉన్నప్పుడు నాలుగు చదివిన పిల్లలున్నారు. వాళ్లు ఐదుకి వెళ్లిన ఏడే భిన్నాలు నాలుగుకి దిగాయి. మరి వాళ్లకి భిన్నాలు ఎప్పుడు చెప్పారు?"

డైరెక్టర్‌గారి వేలు గాల్లో ఆగిపోయింది. స్లయిడు మార్చమని కాదని నాకు అర్థమైంది.

"వాళ్లకి చెప్పలేదమ్మా. చెప్పే వీలు లేదు. వాళ్లు ఎక్కుతుంటే అవి దిగాయి. మధ్యలో ఎక్కడో ఎదురుపడి ఉంటారు."

"పిల్లలంతానా సార్?"

"ఒక్క బ్యాచే. చరిత్రలో ఒక్క బ్యాచి ఎంత?"

"ఆగండాగండి," అన్నారు మంత్రిగారు. కుర్చీలోంచి లేచి గోడ దగ్గరకు నడిచారు. ప్రొజెక్టరు వెలుగులో ఆయన ముఖం మీద నాలుగో తరగతి, ఐదో తరగతి పడ్డాయి. గోడ మీద ఒక సంవత్సరాన్ని వేలితో చూపించారు. "ఈ ఏడు నేను నాలుగు."

ఆ సంవత్సరపు కమిటీలో డైరెక్టర్‌గారు కుర్రవాడిగా కొత్తగా చేరి ఉన్నారని నేనప్పుడు స్లయిడు అడుగున చూశాను. చూసి, ఫోకస్ కొంచెం తప్పించాను.

మంత్రిగారు హాలు వైపు తిరిగారు. "అయితే నాకు భిన్నాలు చెప్పలేదన్నమాట!" అని ఒక్క క్షణం ఆలోచించి, ఛాతీ విరిచారు. "భిన్నాలు లేకుండానే ఇంత దూరం వచ్చానన్నమాట!"

చప్పట్లు దద్దరిల్లాయి. వచ్చిన కెమెరాలన్నీ ఒక్కసారిగా మెరిశాయి.

"ఇంతకీ ఏంటండీ అవి?" అని మంత్రిగారు డైరెక్టర్‌గారిని గొంతు తగ్గించి అడిగారు.

"ముక్కలు సార్. మొత్తాన్ని ముక్కలుగా చూడటం."

"ఓస్. చిన్న చిన్న విషయాలు కిందివాళ్లు చూసుకుంటారులెండి," అని మంత్రిగారు కారెక్కారు.

ఇదంతా ఇలా నడుస్తుండగా కోర్సులో చేరిన కొందరు టీచర్ల మీద ఒక ఆరోపణ వచ్చింది. వాళ్లు సెలవురోజుల్లో చాటుమాటుగా పాఠాలు చెబుతున్నారట. ఒక మాస్టారు బస్‌స్టాపులో ఒక పిల్లవాడికి త్రైరాశికం చెబుతూ దొరికిపోయాడు. డైరెక్టర్‌గారు మండిపడ్డారు. ఆ రోజు ఆయన చేసిన ప్రసంగం నాకు ఇప్పటికీ చెవుల్లో మోగుతుంది.

"చరిత్రకారుడు చరిత్రలో వేలు పెట్టకూడదు! లెక్కలు ఎందుకు రావడం లేదన్నది మన పరిశోధన. మీరు వెళ్లి చెబితే వాళ్లకి లెక్కలు వచ్చేస్తాయి. అప్పుడు మన పరిశోధన ఏం కావాలి?"

కోర్సు ముగిసేదాకా ఎవరూ ఎవరికీ ఏదీ బోధించరాదని రూలు పెట్టారు. తప్పితే డిగ్రీ రాదు, పాత పోస్టూ దక్కదు. పరిశోధన మీద ఆయనకున్న శ్రద్ధకు నేను ముక్కున వేలేసుకున్నాను.

ఆ ఆదివారమే మా ఇంటికి వదిన క్లాసులోని అమ్మాయి ఒకతె వచ్చింది. దేనికైనా ఎందుకని అడుగుతుంది కనుక బళ్లో ఆ అమ్మాయిని అందరూ ఎందుకమ్మ అనే పిలుస్తారు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"టీచర్, ఎక్స్‌ని ఒక పక్కకి తెచ్చాక ఏం చేయాలి?"

వదిన నోరు తెరిచింది. అన్నయ్య పేపరు దించాడు. నేనప్పుడు అక్కడే తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాను. ఏ రోజైనా నేను కోర్సు ఉద్యోగినే కదా.

"వదినా, రూలు," అన్నాను.

వదిన నోరు మూసుకుంది.

"ఎందుకు టీచర్?" అంది ఎందుకమ్మ.

"నేను ఇప్పుడు చెప్పకూడదే. చదువుకుంటున్నాను."

"మీరు చదువుకుంటే మాకెందుకు చెప్పకూడదు?"

వదిన దాని తల మీద చెయ్యివేసి, లోపలికి వెళ్లిపోయింది. ఆ వెళ్లడం చూస్తే నాకే పాపమనిపించింది. ఆ పిల్లను ఉత్తచేతులతో పంపడం ఇష్టంలేక పాఠ్యప్రణాళికల చరిత్ర ఎంత గొప్పదో, అది తెలిస్తే రాబోయే తరాలకు ఎంత మేలో నేనే కూర్చోబెట్టి చెప్పాను. అంతా శ్రద్ధగా విని, "అయితే ఎక్స్ ఎంతండీ?" అంది. డ్రిల్లు మాస్టారిని అడగమన్నాను. అడిగితే గ్రౌండు చుట్టూ పరిగెత్తిస్తున్నాడని చెప్పి వెళ్లిపోయింది.

రెండో ఏడు వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలు తొమ్మిదికి వెళ్లారు. అక్కడా లెక్కలకు డ్రిల్లు మాస్టారే. బడి ఆటల్లో మాత్రం జిల్లా కప్పు తెచ్చుకుంది. కోర్సులో ప్రతి ఒక్కరూ ఒక ప్రాజెక్టు చేయాలి. వదిన డైరెక్టర్‌గారి గదికి వెళ్లింది. నేను ప్రొజెక్టరు బల్బు అడగడానికి వెళ్లి పక్కనే నిలబడి ఉన్నాను.

"మా బడికెళ్లి సమీకరణాల పాఠం పూర్తిచేస్తాను సార్. అదే నా ప్రాజెక్టు."

"అది పాఠం చెప్పడం అవుతుందమ్మా. చరిత్ర కాదు."

వదిన వెనక్కి తిరిగి, గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వచ్చింది.

"పోనీ, పాత తరగతి గది ఎలా ఉండేదో చూపిస్తాను. బోర్డు, సుద్దముక్క, బెంచీలు, టీచరు, పిల్లలు. ఆ కాలంలో లెక్క ఎలా చెప్పేవారో అచ్చం అలాగే చెప్పి చూపించడం."

డైరెక్టర్‌గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "జీవ ప్రదర్శన!" అన్నారు. "అద్భుతం! ఇంత చరిత్ర దృష్టి ఉన్న విద్యార్థిని నేను చూడలేదు."

"పిల్లలు మా బడివాళ్లే ఉన్నారు సార్. ఇవాళ చెబితే రేపొచ్చి కూర్చుంటారు," అంది వదిన. మాట తొణకలేదు గానీ చేతిలో కొంగు చివర నలిగిపోతోంది. ఆమె ఎత్తు నాకప్పుడు అర్థమైంది. డైరెక్టర్‌గారికి కాలేదు. ఆయన మనసులో కల్మషం ఉండదు.

"అసలు పిల్లలు పనికిరారమ్మా," అన్నారాయన నొచ్చుకుంటూ. "ఒకసారి తనిఖీకి వెళ్లినప్పుడు చూశాను. నిజంగా వినే పిల్లాడు పైకప్పు వైపు చూస్తాడు. పెన్ను కొరుకుతాడు. చూసేవాళ్లు వాడు వినడం లేదనుకుంటారు. నాటకాల కంపెనీ పిల్లల్ని పిలిపిద్దాం. వాళ్లయితే కళ్లు ఇంతలేసి చేసి వింటారు."

"మరి పాఠం ఏది చెప్పాలి?"

"భిన్నాలు. వాటి చరిత్రే మన దగ్గర పూర్తిగా ఉంది."

వదిన ఆ రాత్రి అన్నం తినలేదు. అన్నయ్య షాపు నుంచి ఏదో అరుగుదల బిళ్ల తెచ్చి ఇచ్చాడు. అది కూడా వేసుకోలేదు.

ప్రదర్శన హాలు మాత్రం కన్నుల పండువగా తయారైంది. నల్లబోర్డును పాత వస్తువుల దుకాణంలో వెతికి తెచ్చారు. బెంచీల మీద పిల్లలు చెక్కుకున్న పేర్లు సహజంగా ఉండటం కోసం ఒక వడ్రంగి చేత చెక్కించారు. చుట్టూ ఎర్రతాడు కట్టారు. ఒక్కొక్క వస్తువు ముందు ఒక చీటీ పెట్టారు. సుద్దముక్క, దాని ఉపయోగాలు. డస్టరు, దాని ఇతర ఉపయోగాలు. వదిన ముందు పెట్టిన చీటీ మీద 'లెక్కల టీచరు, సహజ పరిమాణం, ముట్టుకోరాదు' అని ఉంది. నాటకాల కంపెనీ పిల్లలు ఎనిమిదిమందీ నూనె రాసుకుని దువ్వుకున్న తలలతో వరసగా కూర్చుని, కళ్లు విప్పార్చి, అరమోడ్చి, మళ్లీ విప్పార్చి సాధన చేశారు.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చారు. ఇంకో రెండు సభలున్నాయని, ఐదు నిమిషాల్లో ముగించాలని ఆయన కార్యదర్శి ముందే చెప్పాడు. నేను లైటు వేశాను. వదిన ఒక కాగితం తీసుకుని సగానికి మడిచింది.

"ఇది ఎంత?"

"సగం టీచర్!" అన్నారు పిల్లలు, ఆశ్చర్యం, ఆనందం, జ్ఞానోదయం మూడూ వరసగా ముఖాల్లో చూపిస్తూ.

వదిన ఇంకో మడత పెట్టింది. "సగంలో సగం?"

"పావు టీచర్!"

బోర్డు మీద ఒకటి బై రెండు రాసింది. దాని పక్కన ఒకటి బై నాలుగు రాసింది. కార్యదర్శి గడియారం చూసుకుని దగ్గాడు. మంత్రిగారు కదల్లేదు. తాడు మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగారు.

"ఆగమ్మా. కింద అంకె పెద్దదయింది కదా. మరి ముక్క చిన్నదయిందేంటి?"

ప్రదర్శన వస్తువులు సందర్శకులతో మాట్లాడకూడదని నియమం ఉంది. వదిన డైరెక్టర్‌గారి వైపు చూసింది. డైరెక్టర్‌గారు మంత్రిగారి వైపు చూసి, సరేనన్నట్టు కళ్లు మూశారు.

"ఎక్కువమందికి పంచితే ఒక్కొక్కరికి తక్కువే కదండీ వచ్చేది," అంది వదిన. కాగితం ఆయన చేతిలోనే పెట్టింది. "మీరే మడిచి చూడండి."

మంత్రిగారు మడిచారు. విప్పారు. మళ్లీ మడిచారు. నాలుగు, ఎనిమిది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకున్నారు.

"ఎప్పుడూ ఇంతేనా?"

"పైన ఒకటే ఉన్నంతవరకూ ఎప్పుడూ ఇంతేనండి."

మంత్రిగారు మడతలు విప్పి కాగితాన్ని అరచేత్తో చదును చేశారు.

"పార్టీలో నా వర్గానికి పదవుల్లో నాలుగో వంతు ఇస్తానన్నారు అధ్యక్షులు. నేను ససేమిరా అన్నాను. ఎనిమిదో వంతు ఇస్తేనే గానీ కుదరదని బల్ల గుద్ది మరీ సాధించుకున్నాను. ఆయన లేచి నన్ను ఎందుకు వాటేసుకున్నారో ఇవాళ తెలిసింది."

కార్యదర్శి నేల చూపులు చూశాడు. నేను లైటు కొంచెం తగ్గించాను. మంత్రిగారు కాగితాన్ని జేబులో పెట్టుకుని, కళ్లు తుడుచుకుని, మైకు అడిగారు.

"మిత్రులారా! ఈ అద్భుతం ఈ ఒక్క హాల్లో ఉండిపోకూడదు. ఊరికొకటి ఉండాలి! ఒక గది. ఒక బోర్డు. బెంచీలు. ఎదురుగా ఒక టీచరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోజూ తెరిచి ఉంచాలి. ఖర్చుకి వెనకాడేది లేదు!"

ఇలాంటి ఆలోచన ఇంతకుముందు ఎవరికీ ఎందుకు తట్టలేదో నాకు తెలియదు. చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు ఎర్రబడ్డాయి. మర్నాడు పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి.

అమలు చేసే దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఊరూరా అలాంటి గదులు కట్టాలంటే ఏళ్లు పడుతుంది. డైరెక్టర్‌గారే దారి చూపించారు. ప్రతి ఊళ్లోనూ బళ్లున్నాయి. వాటిలో గదులున్నాయి, బోర్డులున్నాయి, బెంచీలున్నాయి. ఒక్కటే అడ్డంకి, వాటిలో పిల్లలున్నారు. వాళ్లను తాత్కాలికంగా పక్కకు జరిపితే ప్రదర్శనశాలలు వారం తిరక్కుండా తెరవవచ్చు. పాఠాలను ఒక తరగతిలోంచి ఇంకో తరగతిలోకి జరిపిన చెయ్యి కనుక పిల్లలను జరపడం ఆయనకు కష్టం కాలేదు.

వదిన కోర్సులో మొదటి ర్యాంకు తెచ్చుకుంది. ఎక్కడ వేయమంటావమ్మా అని డైరెక్టర్‌గారు ఆప్యాయంగా అడిగారు. మా పాత బడే ఇప్పించండి సార్ అంది. పాత బడి మీద ఆ మమకారానికి ఆయన కరిగిపోయి అక్కడికక్కడే సంతకం పెట్టారు. లైట్లు చూసుకోవడానికి నన్నూ అక్కడికే వేశారు.

ఆ బడి ఇప్పుడు చూడాలి. గేటు మీద బోర్డు, సందర్శన వేళలు, చెప్పులు పెట్టుకునే చోటు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. వదిన పాత గది, పాత బోర్డు ఆమెకే వచ్చాయి. బెంచీల మీద నాటకాల కంపెనీ పిల్లలు కొత్త జట్టు కూర్చుంటారు. బడి పిల్లలకు సైకిల్ షెడ్డు ఇచ్చారు. అక్కడ బోర్డు లేదు. డ్రిల్లు మాస్టారు ఉన్నారు. గదిలోకి తాడు దాటి ఎవరూ రాకూడదు. కానీ విద్యార్థులు విజ్ఞానయాత్రగా వస్తే కిటికీల బయట నిలబడి ఉచితంగా చూడవచ్చని నియమాల్లో ఉంది. ఆ నియమాన్ని వెతికి పట్టుకున్నది ఎందుకమ్మ అని డ్రిల్లు మాస్టారు చెప్పారు. అప్పటినుంచి ఆయన తరగతి మొత్తాన్ని రోజూ విజ్ఞానయాత్రకు తీసుకొస్తున్నారు, షెడ్డు నుంచి కిటికీ దాకా. ఒకటి, రెండు, ఒకటి, రెండు అంటూ వస్తారు. కిటికీ దగ్గరకు రాగానే చప్పుడు చేయరు. కొందరు పైకప్పు వైపు చూస్తుంటారు. కొందరు పెన్ను కొరుకుతుంటారు.

లోపల పాఠం భిన్నాలే. నాటకాల పిల్లలు వేళ తప్పకుండా పావు టీచర్ అంటూనే ఉన్నారు. బోర్డు మీద మాత్రం ఈ మధ్య ఎక్స్ కనబడుతోంది. లైట్లు చూసుకోవడం నా పని, బోర్డు చూడటం కాదు కనుక నేను ఆ సంగతి ఎక్కడా రాయలేదు. వదిన ఇప్పుడు బోర్డుకు అడ్డం రాకుండా గోడకు అతుక్కుని, పక్కకు ఒరిగి, చెయ్యి చాచి రాస్తుంది. చూడటానికి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. భుజం నొప్పికి అన్నయ్య షాపు నుంచి ఏదో మందు తెచ్చి రాస్తున్నాడు.

మొన్న పైనుంచి ఒక నిపుణుడు తనిఖీకి వచ్చారు. చీటీలు, తాడు, బెంచీలు, పిల్లల కళ్లు, అన్నీ చూసి చాలా సంతోషించారు. ప్రదర్శన అన్ని విధాలా చరిత్రకు కట్టుబడి ఉందని రాసి, సరిదిద్దుకోవలసిన లోపం ఒక్కటే చూపించారు. బోర్డు మీద అక్షరాలు మరీ పెద్దవిగా ఉన్నాయట. వెనక బెంచీ దాకా కనబడితే చాలు, కిటికీ అవతలికి కూడా కనబడేలా రాయడం ఆ రోజుల్లో లేదట.